వేలాడే కుంపటి

రత్నసానువు యువరాజు అరిందముడు ఆ రోజు పదకొండోసారి తన వంటవాడి చేత తిట్లు తిన్నాడు.

"ఒరేయ్ గంగులూ! కుక్కల్ని అదిలించరా చవటా! ఇట్టా తోలితే మనం చేరేది డేరాలు కాదు, యమలోకం!" అని చక్రాలు లేని మంచుబండి మీద కూర్చున్న బొమ్మన గొంతు చించుకుని అరిచాడు. వెంటనే ముందుకు వంగి, "తప్పు కాయండి బాబుగోరూ! ఎవరైనా ఇంటారేమోనని..." అన్నాడు.

వినడానికి అక్కడ గాలి తప్ప మరో ప్రాణి లేదు. అయినా బొమ్మన వేషం వేశాడంటే వేసినట్టే. రాజుగారి వంటశాలలో ఇరవై ఏళ్ళు గరిటె తిప్పిన ఆ మనిషి ఇప్పుడు బొమ్మనశెట్టి అనే తోళ్ళ వర్తకుడు. యువరాజు అతని బండి తోలే నౌకరు గంగులు. మాంత్రికుడు శీతదంష్ట్రుడి వేగులు దారి పొడుగునా రాకుమారుడి కోసం వెతుకుతున్నారు గాని, తిట్లు తినే నౌకరు కోసం ఎవరు వెతుకుతారు? ఈ ఏర్పాటు చేసింది అరిందముడే. దాన్ని మనసారా అనుభవిస్తున్నది మాత్రం బొమ్మన.

అరిందముడి మెడలో, బొచ్చుకోటు లోపల, మూతపెట్టిన రాతిపిడత ఒకటి తోలుతాడుకు వేలాడుతోంది. అందులో గుప్పెడు బూడిద, బూడిద నడుమ రేగుపండంత నిప్పుకణిక. దాని కోసమే అతను భూమి చివరి దాకా వచ్చాడు, ఇప్పుడు దానితో తిరుగుదారి పట్టాడు. తనను పెళ్ళాడనన్నదన్న కసితో శీతదంష్ట్రుడు అరిందముడి చెల్లెలు హేమాంగి ఊపిరిని లాగేసుకుని, ఆ పిల్లను నిలువునా మంచుబొమ్మను చేసి ఏడు నెలలైంది. ఆ మంచు మామూలు నిప్పుకు కరగదు. జ్వాలాగిరి మీది యోగిని ఈ కణికను అతని చేతిలో పెడుతూ, "బూడిదలో ఉన్నంతకాలం ఇది చావదు నాయనా. ఉప్పునీళ్ళు మాత్రం తగలనివ్వకు. దీన్ని ఒక్కసారే ఊదాలి. ఊదితే మంటై లేచి, మామూలు నిప్పులో కలిసిపోతుంది. ఆ ఒక్క ఊదూ నీ చెల్లెలి గుండె మీదే ఊదు!" అని మరీమరీ చెప్పింది.

ఆ దేశాన్ని ఏమని వర్ణించాలి? కనుచూపు మేరా తెలుపే. దగ్గరికి పోతే ఆ తెలుపులోనే నీలం, ఆకుపచ్చ, గులాబిరంగు తొంగిచూస్తాయి. గాజుకొండలు ఒకదాని భుజం మీద ఒకటి వాలి నిద్రపోతున్నట్టుంటాయి. ఆ ఋతువులో అక్కడ సూర్యుడు అస్తమించడు. ఆకాశం అంచున గానుగెద్దులా చుట్టూ తిరుగుతుంటాడు, అంతే. చూసేవాడి కడుపు నిండి, ఒళ్ళు వెచ్చగా ఉంటే అంతకన్న అందమైన చోటు పద్నాలుగు లోకాల్లోనూ లేదు.

కాని మధ్యాహ్నం మొదలైన మంచుతుఫాను ఆ అందాన్నంతా మింగేసింది. ముందున్న కుక్క తోక వెనకున్న కుక్కకు కనబడటం లేదు. చిట్టచివరికి కుక్కలే ఏదో వాసన పట్టి ఎడమవైపు లాక్కుపోయాయి. తెల్లటి పొగమంచులోంచి తొమ్మిది నల్లటి గుండ్రటి ఆకారాలు లేచి నిలబడ్డాయి. అవి తుహినులనే వేటజాతివాళ్ళ డేరాలు. తిమింగలం పక్కటెముకలు వంచి పాతి, వాటి మీద సముద్రజంతువుల తోళ్ళు కుట్టి కప్పినవి.

పెద్ద డేరా తెర తొలగించుకుని ఒక ముసలామె బయటికొచ్చింది. ముఖం ఎండు ఉసిరికాయలా ముడతలు పడింది గాని, కళ్ళు చురకత్తులు. ఆమె ఆ బిడారానికి పెద్ద, తుర్మి అవ్వ. మీరెవరని అడగలేదు. ఎక్కణ్ణించి వస్తున్నారనీ అడగలేదు.

"నిప్పు తెచ్చారా?" అంది.

బొమ్మన తెల్లబోయాడు. "నిప్పా? అదెందుకు తల్లీ?"

"దారిన వచ్చినవాడి నిప్పు మా కుంపట్లో కలపాలి. అప్పుడు మా వెచ్చదనం వాడిదీ అవుతుంది. మా తొమ్మిది డేరాలకీ నిప్పు ఒక్కటే. వేరే నిప్పు దాచుకున్నవాడు మాకు వేరే మనిషే." ఆమె చూపు బొమ్మనను వదిలి నౌకరు మీద నిలిచింది. "నువ్వు చెప్పు అబ్బీ. ఉందా?"

కుంపట్లో కలపడమంటే కణిక మండి అయిపోవడమే. అరిందముడు బొచ్చుకోటు ముడి బిగించుకున్నాడు.

"లేదవ్వా! దారిలో ఆరిపోయింది" అన్నాడు. అతనికి అబద్ధాలాడే అలవాటు లేదు. అందుకే కాబోలు, ఈ ఒక్కటీ మరీ నున్నగా వచ్చింది.

లోపల ముప్పై మంది దాకా ఉన్నారు. తుఫాను రోజున అన్ని డేరాల వాళ్ళూ నిప్పున్న డేరాలోనే పడుకుంటారు. నేల మీద మూడు వరసల మందాన తోళ్ళు పరిచారు. నట్టనడుమ, పైనున్న పెద్ద ఎముక నుంచి ఇనపగొలుసులతో ఒక కుంపటి మనిషి నడుమంత ఎత్తులో వేలాడుతోంది. అందులో జంతువుల కొవ్వునూనెతో తడిపిన నాచు మండుతోంది. అన్నం కుండకు బదులు అక్కడ ఉన్న చేపల పులుసు కుండ కూడా వేలాడుతున్నదే.

"ఏమిరా గంగులూ, ఈళ్ళు పొయ్యికి ఉయ్యాల కట్టారు! జోలపాట కూడా పాడతారేమో కనుక్కో" అని బొమ్మన నవ్వాడు. అరిందముడూ నవ్వాడు. ఎందుకలా కట్టారని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. తుహినులూ చెప్పలేదు, గాలి పీల్చుకోవాలని ఎవరైనా ఎవరికైనా చెబుతారా?

తలుపు తెర దగ్గర, కుంపటికి అందరికన్న దూరంగా ఒక బైరాగి కూర్చుని ఉన్నాడు. గడ్డమూ జడలూ అచ్చ తెలుపు. వేడివేడి పులుసు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకు అగ్నివర్జన వ్రతం తల్లీ! వేడి ముట్టను" అన్నాడు నీరసంగా.

"మనకంటే ముందే వచ్చాడు. మంచులో కాలినడకన వచ్చాడంట!" అని బొమ్మన యువరాజు చెవిలో గుసగుసలాడాడు. "వ్రతాలు కూడా సోటు చూసి పట్టాల."

తుర్మి అవ్వ తెరతాళ్ళు బిగించి కట్టి, "రాత్రయింది" అంది. బయట సూర్యుడున్నా సరే, అవ్వ అంటే రాత్రి. తోళ్ళలోంచి వడకట్టినట్టు వస్తున్న నారింజరంగు వెలుతురులో అందరూ ఎక్కడివాళ్ళక్కడ ముడుచుకున్నారు.

అరిందముడికి పిడత మెడలో ఉంటే పడుకోవడం వీలుకాలేదు. పక్కకు తిరిగితే ఒలుకుతుందని భయం. రత్నసానువులో పసిపిల్లవాడికైనా తెలిసిన సంగతి ఒకటుంది. నిప్పుకుండ పైన పెడితే ఇల్లు కాలుతుంది, నేల మీద పెడితే నిశ్చింత. అతను ఎవరూ చూడటం లేదనుకుని మూడు తోళ్ళనూ పక్కకు జరిపి, గట్టి నేల చేతికి తగిలాక పిడతను అక్కడ దింపాడు. తాడు కొస చేతికి చుట్టుకున్నాడు. పైన తోళ్ళు కప్పేసి, ఏడు నెలల్లో మొదటిసారి ఆదమరిచి నిద్రపోయాడు.

తెర దగ్గర బైరాగి రెప్పవేయకుండా ఇదంతా చూశాడు.

రెండు ఘడియలు గడిచాయో, నాలుగు గడిచాయో! బొమ్మన మోచేత్తో పొడిచాడు.

"బాబుగోరూ! నా నడుం కింద తడి. ఈ వయసులో నేను పక్క తడపలేదని ఒట్టేసి సెబుతున్నా!"

అరిందముడు నిద్రమత్తులోనే తాడు లాగాడు. పిడత రాలేదు. చెయ్యి దూర్చాడు. మోచేతి దాకా దిగింది, అడుగు తగల్లేదు. గుండ్రటి గుంట, గుంట నిండా గోరువెచ్చటి నీళ్ళు! తాడు పట్టుకుని పిడతను పైకి లాగి, మూత ఊడలేదని తడిమి చూసి, తడిసిన వేలు నాలుకకు తగిలించుకున్నాడు.

ఉప్పగా ఉంది.

నేలలో ఉప్పునీళ్ళు ఎక్కడివి? ఇది నేల కాదు. వాళ్ళు పడుకున్నది సముద్రం మీద! డేరాలు, మనుషులు, కుక్కలు, బళ్ళు, అన్నీ నిలిచింది రెండు మూరల మంచుపలక మీద. కుంపటికి ఉయ్యాల ఎందుకు కట్టారో ఇప్పుడు తెలిసింది. మంచు మీద కాపురం చేసేవాడు నిప్పును నేలకు తగలనివ్వడు.

'టప్!' మని అడుగున ఏదో విరిగింది.

అరిచానంటే దొరికిపోతానని ఆలోచించడానికైనా అతను ఆగలేదు. "లేవండి! మంచు పగులుతోంది! లేవండి!" అని డేరా అదిరేలా కేకపెట్టాడు.

గుంట నుంచి బయలుదేరిన నెర్రె పాములా పాకి నడిమి ఎముక కాలిని చుట్టింది. డేరా ఒక పక్కకు ఒరిగింది. గొలుసుల మీది కుంపటి ఈ చివరి నుంచి ఆ చివరికి ఊగి, ఒక్క విసురుతో గొలుసు తెంచుకుని, నెర్రెలోకి జారిపోయింది. 'చుయ్' మన్న చప్పుడు, దుర్వాసన పొగ, ఆ వెనక ఆడవాళ్ళ హాహాకారం. అరిందముడు పిడత తాడును పళ్ళ నడుమ కరిచి పట్టి, ఒరిగిన మంచుపలక మీది నడుంలోతు నీళ్ళలోకి దూకి, కూలిపోతున్న తిమింగలం ఎముకను భుజం మీద ఎత్తి పట్టాడు. ఆ ఎముక కింది నుంచి ఒక్కొక్కరే పాక్కుంటూ బయటపడ్డారు. బొమ్మన తుర్మి అవ్వను బియ్యం బస్తాలా భుజాన వేసుకుని ఈదాడు. అందరికన్న చివర అరిందముడు ఎగిరి గట్టు మంచు మీద పడేసరికి, పెద్ద డేరా మొత్తం బుడుంగున మునిగింది.

ప్రాణనష్టం లేదు. కాని ముప్పై మందీ నిలువునా తడిసిపోయారు. పక్కనున్న డేరాలోకి దూరారే గాని, అందులో నిప్పు లేదు. ఏ డేరాలోనూ లేదు. చెకుముకి రాళ్ళు కొట్టారు, రవ్వలు లేచాయి. తడిసిన నాచు అంటుకోలేదు. పళ్ళు టకటక కొట్టుకుంటున్న చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేదు. జుట్టు మీది నీళ్ళు అప్పుడే పెళుసెక్కి విరుగుతున్నాయి.

"మా తాతల నాటి నిప్పు" అంది తుర్మి అవ్వ. ఆమె పెదవులు నల్లబడ్డాయి. "ఇంకొక్క ఘడియలో ముందు ముసలాళ్ళం పోతాం. ఆ తరవాత మిగతావాళ్ళు. పోయేముందు ఒక్కటి తెలియాలి. నెర్రె పుట్టిన చోట గుంట గుండ్రంగా ఉంది. అది నిప్పు తవ్విన గుంట. ఎవరిది?"

బొమ్మన వణుకుతూ యువరాజు చెవి దగ్గరికి జరిగాడు. "బాబుగోరూ, బండి మునగలేదు. కుక్కలున్నాయి. అమ్మాయిగోరి ప్రాణం మీ సేతిలో ఉంది. ఎల్దాం రండి! నన్ను తిట్టండి, కొట్టండి, కాని ఎల్దాం!" అంటూనే వాడు వెక్కివెక్కి ఏడ్చాడు. ఎందుకంటే వెళ్ళడం తప్పని వాడికీ తెలుసు.

రెండో చెవి దగ్గర మరో గొంతు వినిపించింది. బైరాగి! అతను మాత్రం వణకడం లేదు.

"ఇచ్చెయ్యి నాయనా! ముప్పై ప్రాణాల ముందు ఒక్క ప్రాణం ఎంత? ఊదెయ్యి. పుణ్యం వస్తుంది" అన్నాడు తియ్యగా.

ఆ గొంతు అరిందముడికి నచ్చలేదు. కాని మాటలో తప్పు లేదు. ఈ మనుషుల నిప్పును ముంచింది తను. తన అబద్ధం ముంచింది. చెల్లెలు బతికొచ్చి, 'నన్నెలా బతికించావన్నయ్యా?' అని అడిగితే ఏం చెబుతాడు?

అతను పిడతను అవ్వ ముందు పెట్టి మోకరిల్లాడు. "నాదే అవ్వా! నేను నౌకరును కాను, ఇతను వర్తకుడూ కాడు. నా చెల్లెల్ని బతికించుకోడానికి నీతో అబద్ధమాడాను. మీ నేల నీళ్ళని నాకు తెలియదు. క్షమించమని అడగను. ఇది తీసుకో" అన్నాడు.

అవ్వ కొవ్వునూనె తిత్తి విప్పి, నాచు నింపిన ఒక ఇనపగిన్నెను గొలుసుకు తగిలించి ఎదురుగా పట్టుకుంది. అరిందముడు బూడిద తొలగించాడు. కణిక మాణిక్యంలా మెరిసింది. 'హేమా!' అనుకున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారి బుగ్గల మీదే గడ్డకట్టాయి. గుండె నిండా గాలి పీల్చి, ఒక్క ఊదు ఊదాడు.

భగ్గుమని నీలంగా లేచిన మంట క్షణంలో బంగారు రంగుకు తిరిగింది. తడి నాచు కూడా చిటపటలాడుతూ అందుకుంది. డేరా అంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంది. జ్వాలాగిరి కణిక ఇక లేదు. అది తుహినుల నిప్పు అయిపోయింది.

"చుట్టూ కూర్చోండి! కొత్తనిప్పు చుట్టూ వలయం కట్టాలి. ఒక్కరు దూరంగా ఉన్నా ఆ నిప్పు నిలవదు. పట్టుకోండి చేతులు!" అని అవ్వ ఆజ్ఞాపించింది. ఇద్దరు బలిష్ఠులైన ఆడవాళ్ళు బైరాగి జబ్బలు పట్టుకుని లేవదీశారు.

"నాకు వ్రతం! అగ్నివర్జన వ్రతం!" అని అతను పెనుగులాడాడు.

"కుంపటి పాతదైనప్పుడు నీ వ్రతం చెల్లింది తాతా. కొత్తనిప్పు ముందు ఎవరి వ్రతమూ చెల్లదు. చలికి ఎలా గడ్డకట్టుకుపోయావో చూడు, చెయ్యి రాయిలా ఉంది!" అంటూ వాళ్ళు అతన్ని ఎత్తి, మంటకు అందరికన్న దగ్గరగా, మంచి చోటు చూసి కూర్చోబెట్టారు. పాపం, వాళ్ళది మర్యాదే!

అందరి ఒంటి నుంచీ ఆవిర్లు లేస్తున్నాయి. తడిసిన తోళ్ళు మెల్లమెల్లగా ఆరుతున్నాయి. బొమ్మన చేతులు కాచుకుంటూ ఎదురుగా చూసి, కళ్ళు నులుముకున్నాడు.

"బాబుగోరూ! మనమందరం ఆరిపోతన్నాం. ఆ బైరాగి ఒక్కడే తడిసిపోతన్నాడు!"

నిజమే. బైరాగి కింద మడుగు కడుతోంది. ముక్కు కొస నుంచి చుక్కలు రాలుతున్నాయి. చూస్తుండగానే ముక్కే లేకుండా పోయింది. ఎడమచేతి వేళ్ళు ఒకదానిలో ఒకటి కలిసి, నున్నగా, గాజులా మెరిశాయి.

అరిందముడు బాకు దూసి ఒక్క గంతులో అతని మీద పడ్డాడు. "శీతదంష్ట్రుడి మంచుబొమ్మవా నువ్వు!"

బైరాగి నవ్వాడు. ఆ నవ్వుకు పళ్ళు రెండు కరిగి జారాయి. "పొడువు రాకుమారా! నా పని అయిపోయింది. నీ చేత కణికను ఊదించమన్నాడు నా ప్రభువు, ఊదించాను. కాని ఒక్క మాట. మంచు నడవాలంటే లోపల ఊపిరి ఉండాలి కదా? ఆయన దగ్గరున్న ఊపిరి ఎవరిదో నీకు తెలియదా?"

కరుగుతున్న ఆ నోరు ఇంకొంచెం తెరుచుకుంది. లోపలి నుంచి, బావిలోంచి వచ్చినట్టు, ఒక ఆడపిల్ల గొంతు వినిపించింది.

"అన్నయ్యా! ఇక్కడ చీకటిగా ఉంది. నా చేతులు నాకు కనబడటం లేదు."

బాకు అరిందముడి చేతిలోంచి జారిపోయింది. హేమాంగి ఊపిరి ఇక్కడుంది, వీడి కడుపులో ఉంది! వీడు కరిగితే గాలిలో కలిసిపోతుంది. 'మంట ఆర్పండి!' అన్న కేక అతని నాలుక చివరి దాకా వచ్చింది. చుట్టూ ముప్పై ముఖాలు, అప్పుడప్పుడే నలుపు విరిగి రంగు తేలుతున్న ముఖాలు. అతను ఆ కేకను మింగేశాడు. వంగి, తన జన్మశత్రువు పంపిన బొమ్మను రెండు చేతులా ఎత్తి వీపున వేసుకున్నాడు.

తుర్మి అవ్వ అడ్డం రాలేదు. తెర ఎత్తి పట్టి, "ఉత్తరంగా పో! అరక్రోసు దూరంలో గట్టునేల ఉంది. అక్కడ మేం మాంసం దాచే గుంట ఉంది. వెయ్యి వేసవులు వచ్చినా అందులో మంచు కరగదు. గాలిని ఎడమచెంప మీద ఉంచుకో, దారి తప్పవు!" అని అరిచింది.

తుఫాను అతన్ని ఒక్క గుక్కలో మింగింది. నడుం దాకా తడిసిన బట్టలు పది అడుగుల్లో బిగుసుకుపోయి పలకల్లా చప్పుడు చేశాయి. వెనక ఎక్కడో బొమ్మన, "బాబుగోరూ, ఆగండి! కుక్కల్ని కడతన్నా!" అని పిలుస్తున్నాడు. ఆగితే కాళ్ళు మళ్ళీ కదలవని అరిందముడికి తెలుసు. గాలిని ఎడమచెంప మీద ఉంచుకుని నడిచాడు.

"నన్ను దించితే నువ్వు బతుకుతావు. మోస్తే ఇద్దరం చేరం" అని బైరాగి గొంతు చెవిలో బుసకొట్టింది.

అరిందముడు బొమ్మను ఇంకాస్త పైకి ఎగదోసుకున్నాడు. అప్పుడు రెండో గొంతు వచ్చింది, నిద్రలో పలవరిస్తున్న చిన్నపిల్ల గొంతులా.

"అన్నయ్యా! నీ వీపు ఎంత వెచ్చగా ఉందో!"

అతని మెడ వెనక నుంచి ఒక చుక్క జారింది. ఆ వెంటనే ఇంకొకటి. చన్నీటి చుక్కలు. తన ఒంటివేడికే ఆ పిల్ల కరిగిపోతోంది.

అరిందముడు ఆగాడు. బొమ్మను మంచు మీద నిలబెట్టాడు. తన బొచ్చుకోటు ముడులు విప్పి, దాన్ని చెల్లెలి ఊపిరి చుట్టూ గట్టిగా బిగించి కట్టాడు. వేడి లోపలికి పోకుండా రెండు పొరలుగా మడిచి కట్టాడు. తరవాత వట్టి ఒంటితో దాన్ని మళ్ళీ వీపున ఎత్తుకుని, ఉత్తరదిక్కుకు నడిచాడు.